ఇంటి అడ్రసు ఉంటేనే లోపలికి

మా మావయ్య హార్మోనియం వాయిస్తారు. వాయించేవారు అనాలేమో, ఇప్పుడు వేళ్ళు మాట వినట్లేదు. తెనాలి చుట్టుపక్కల ఊళ్ళలో పద్యనాటకం ఎక్కడ వేసినా ఒకప్పుడు ఆయన పెట్టె అక్కడ ఉండాల్సిందే. కురుక్షేత్రం, సత్యహరిశ్చంద్ర, గయోపాఖ్యానం.. ఓ బంధువు కొనిచ్చిన హ్యాండీక్యామ్‌తో వీటిని చాలా ఏళ్ళు రికార్డు చేయించారు. 2012 ప్రాంతంలో, ఊళ్ళో పెళ్ళి వీడియోలు తీసే కుర్రాడి చేత ఆ టేపులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, ఓ పెద్ద వీడియో సైట్లో పెట్టించారు. మొత్తం 161 ముక్కలు.

ఆ తర్వాత టేపులకి బూజు పట్టింది. కుర్రాడి హార్డ్ డిస్కు పోయింది. అకౌంటు తెరిచిన ఫోన్ నంబరు ఎప్పుడో ఆగిపోయింది, పాస్‌వర్డు ఎవరికీ గుర్తులేదు. ఇక మిగిలింది ఆ సైట్లో ఉన్న కాపీ ఒక్కటే. మొన్న సంక్రాంతికి వెళ్తే, "ఏరా అల్లుడూ, అవి కాస్త దించి ఓ డబ్బాలో పెట్టివ్వరా, నువ్వు కంప్యూటర్ల వాడివే కదా" అన్నారు. "నాలుగు లైన్ల స్క్రిప్టు మావయ్యా, రాత్రికి రాత్రే అయిపోద్ది" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

నా సొంత పనులకి నెలకి నాలుగైదు డాలర్లు పెట్టి అద్దెకి తీసుకున్న సర్వరు ఒకటుంది. అందులో వైటీ-డీఎల్‌పీ పెట్టి, వీడియోకీ వీడియోకీ మధ్య అర నిమిషం ఆగేలా రాసి, పడుకున్నాను. పొద్దున్న లేచి చూస్తే ఫోల్డర్లో ఒక్క ఫైలు లేదు. 161 సార్లూ ఒకటే సమాధానం, "నువ్వు రోబో కాదని నిరూపించుకో, సైన్ ఇన్ అవ్వు" అని.

అదే స్క్రిప్టు, ఒక్క అక్షరం మార్చకుండా, మావయ్య వాళ్ళింట్లో ఉన్న మామూలు కనెక్షన్ మీద లాప్‌టాప్ పెట్టి నడిపాను. హాయిగా దిగడం మొదలెట్టింది. అదే ప్రోగ్రాము, అవే వీడియోలు, అదే అర నిమిషం. మారింది ఒక్కటే, నేను ఏ అడ్రసు నుంచి తలుపు కొట్టాను అన్నది.

మన ఫీల్డు వాళ్ళకి ఇది వింతేం కాదనుకోండి. ఐపీ అడ్రసులు గంపగుత్తగా పంచబడతాయి. ఏ గుత్త ఎవరిదో బహిరంగమే. అమెజాన్ వెబ్ సర్వీసెస్ అయితే తన అడ్రసుల జాబితాని తనే ఒక జేసన్ ఫైలుగా ఎవరైనా చదువుకునేలా పెట్టింది. అమెజాన్‌కి ఏఎస్ 16509, డిజిటల్ ఓషన్‌కి ఏఎస్ 14061, హెట్జ్‌నర్‌కి ఏఎస్ 24940.. ఈ నంబర్లు నాలుగు వరసల్లో రాసుకుంటే చాలు, అద్దె సర్వర్లలో పెద్ద భాగం బయటికి పోతుంది. ఇంటి కనెక్షన్ల జోలికి మాత్రం వెళ్ళడానికి ఏ సైటైనా జంకుతుంది. మన దేశంలో చాలా కనెక్షన్లకి సొంత ఐపీవీ4 అడ్రసు ఉండదు కదా, బోలెడుమంది ఒకే అడ్రసు వెనకాల ఉంటారు. ఒకణ్ణి ఆపబోతే వీధి వీధంతా ఆగిపోతుంది, వాళ్ళతో పాటు యాడ్ల మీద వచ్చే డబ్బూ ఆగిపోతుంది.

ముందు సైట్ల వైపు నుంచి మాట్లాడతాను, ఎందుకంటే వాళ్ళ బాధ అబద్ధం కాదు. ఒక గిగాబిట్ లింకు ఉన్న సర్వరు ఆగకుండా లాగితే రోజుకి సుమారు 10.8 టెరాబైట్లు. మనిషి ఎంత చూసినా అంత చూడలేడు, పైగా సర్వరు యాడ్లు చూడదు. కాపీరైటు గొడవలు సరేసరి. యూట్యూబు పాటల్ని ఎంపీ3లుగా మార్చిచ్చే యూట్యూబ్-ఎంపీ3 అనే సైటుని రికార్డు కంపెనీలు 2016లో కోర్టుకి ఈడిస్తే 2017లో మూతపడింది. యూట్యూబ్-డీఎల్ ప్రోగ్రామునే 2020 అక్టోబరులో అమెరికా రికార్డు కంపెనీల సంఘం ఫిర్యాదు మీద గిట్‌హబ్ తీసేసి, నవంబరులో మళ్ళీ పెట్టింది.

ఇక ఏఐ సంగతి చెప్పక్కర్లేదు. ఓపెన్‌ఏఐ పది లక్షల గంటలకి పైగా యూట్యూబు వీడియోల మాటల్ని రాతలోకి మార్చి వాడుకుందని 2024 ఏప్రిల్‌లో న్యూయార్క్ టైమ్స్ రాసింది. 1,73,536 వీడియోల సబ్‌టైటిళ్ళు ఒక డేటాసెట్లో చేరాయనీ, దాన్ని ఆపిల్, ఎన్‌విడియా, ఆంత్రోపిక్, సేల్స్‌ఫోర్స్ లాంటి కంపెనీలు వాడాయనీ అదే ఏడాది జులైలో ప్రూఫ్ న్యూస్ బయటపెట్టింది. ఆ వీడియోలు చేసినవాళ్ళని ఎవరూ అడగలేదు. ఇంత జరిగాక తలుపు బిగించుకుంటే తప్పేముంది అనిపిస్తుంది.

తలుపు బిగించడం మీద నాకు అభ్యంతరం లేదండీ. ఎవరికి తెరుచుకుంటోంది, ఎవరికి మూసుకుంటోంది అన్నదే నా గొడవ.

ఒక చెంపపెట్టు నాకు నేనే వేసుకోవాలి ఇక్కడ. రెండేళ్ళ క్రితం ఆఫీసులో మా క్లయింటు షాపింగు సైటు నుంచి ఎవరో ధరలన్నీ తోడుకుపోతున్నారని గోల. హోస్టింగు కంపెనీల ఏఎస్ నంబర్లన్నీ పోగేసి ఫైర్‌వాల్లో రూలు రాసింది ఎవరో కాదు, నేనే. గ్రాఫు ధబేల్మని పడింది, మేనేజరు శభాష్ అన్నాడు. సరిగ్గా నాలుగు రోజులు. ఐదో రోజు నుంచి అదే తోడుడు, ఈసారి వేలకొద్దీ ఇంటి అడ్రసుల నుంచి. ఆగిపోయినవాళ్ళు ఎవరయ్యా అంటే, చిన్న సర్వరు మీద నుంచి రోజూ రాత్రి స్టాకు లెక్కలు పంపుకునే ఒక సప్లయరు. పాపం ఆయన టికెట్ వేసి, మెయిళ్ళు పెట్టి, రెండు వారాలు మా చుట్టూ తిరిగాడు. దొంగకి నాలుగు రోజులు, దొరకి రెండు వారాలు.. అదీ నా రూలు గొప్పదనం :)

ఎందుకిలా అవుతుంది? డబ్బున్నవాడికి ఇంటి అడ్రసు కూడా అద్దెకి దొరుకుతుంది కాబట్టి. రెసిడెన్షియల్ ప్రాక్సీ అని దాన్నొక సర్వీసుగానే అమ్ముతారు. కొన్ని చోట్ల ఇంటివాళ్ళకి తెలిసే ఇస్తారు, చాలా చోట్ల తెలియకుండానే పోతుంది. 2024 మేలో అమెరికా న్యాయశాఖ 911 ఎస్5 అనే నెట్‌వర్కుని పట్టుకుంది. ఉచిత వీపీఎన్ అని జనం పెట్టుకున్న ప్రోగ్రాముల ద్వారా 1.9 కోట్ల ఐపీ అడ్రసులు అందులో చేరాయి. దాన్ని ఎక్కువగా వాడింది ఆర్థిక మోసాలకి, వీడియోల కోసం కాదు. కానీ మన ఇంటి అడ్రసుకి బజార్లో ఎంత గిరాకీ ఉందో దానివల్ల తెలుస్తుంది. డేటా సెంటరు అడ్రసు మొత్తానికే చెల్లని కాసు అయ్యే కొద్దీ ఆ గిరాకీ పెరుగుతుంది. దాని ఖరీదు ఎవరో అమాయకుడి రౌటరు కడుతుంది.

మరి మంచి పనికి ఏం జరుగుతోంది? వికీమీడియా కామన్స్ వాళ్ళకి వీడియో2కామన్స్ అనే పనిముట్టు ఉంది. తీసినవాళ్ళే 'ఎవరైనా వాడుకోవచ్చు' అని క్రియేటివ్ కామన్స్ గుర్తు పెట్టిన వీడియోల్ని కామన్స్‌లోకి తేవడం దాని పని. అది వికీమీడియా సర్వర్ల మీద నడుస్తుంది కాబట్టి యూట్యూబు నుంచి తెచ్చేటప్పుడు దానికీ ఇదే గోడ అడ్డొచ్చింది. యూట్యూబు ఆ క్రియేటివ్ కామన్స్ గుర్తుని 2011లోనే తెచ్చింది. హక్కుదారుడు తీసుకో అంటున్నాడు, కాపలావాడు నీది సర్వరు మొహం కాబట్టి ఇవ్వను అంటున్నాడు.

సైన్ ఇన్ అయితే పోలా అంటారేమో. సర్వర్లో నా అకౌంటు కుకీ పెట్టి నడిపితే ఆ అకౌంటే పోయే ప్రమాదం ఉందని వైటీ-డీఎల్‌పీ వాళ్ళే హెచ్చరిస్తున్నారు. పదిహేనేళ్ళ మెయిళ్ళున్న అకౌంటుని పందెం కాసేంత ధైర్యం నాకు లేదు. పైగా అడ్రసుతో ఆగట్లేదు కథ. అడిగింది అసలైన బ్రౌజరేనని చూపే టోకెన్లు వచ్చాయి. 2025 నుంచి యూట్యూబు కోసం వైటీ-డీఎల్‌పీకి పక్కన ఒక జావాస్క్రిప్టు రన్‌టైము కూడా కావాల్సి వస్తోంది. వీడియో లింకులోనే అడిగినవాడి ఐపీ అడ్రసు, గడువు టైము రాసి ఉంటాయి. ఇంట్లో తీసుకున్న లింకు సర్వర్లో పెడితే చెల్లదు. ఇన్ని తాళాలకీ తాళంచెవులు చేయించుకునే టీము, తీరిక ఉన్నది ఎవరికి? ఏఐ కంపెనీకా, మా మావయ్యకా?

ఒకటి ఒప్పుకోవాలి. సైటు స్వయంగా అవకాశం ఇస్తే తప్ప, లేదా ముందే రాతపూర్వకంగా అనుమతి ఉంటే తప్ప వీడియో దించకూడదని యూట్యూబు షరతుల్లో స్పష్టంగా ఉంది. ఇలాంటి షరతు పెట్టిన సైటు దగ్గర నేను మావయ్యింట్లో చేసిందీ నియమం తప్పడమే. అయినా మళ్ళీ అవసరమొస్తే మళ్ళీ చేస్తాను. కానీ ఇదేదో ఘనకార్యం అని చెప్పుకోను, మీకు దారి చూపించడానికీ ఇది రాయట్లేదు. నియమం తప్పకుండా చేసే దారి ఒకటి ఉండాలి అనడానికి రాస్తున్నాను.

అదేం అసాధ్యం కూడా కాదు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చాలా వాటికి ఫైలు అక్కడే దొరుకుతుంది. వీమియోలో పెట్టినవాడు ఒప్పుకుంటే డౌన్‌లోడ్ మీట వస్తుంది. యూట్యూబు డేటా ఏపీఐ వీడియో గురించిన వివరాలు ఇస్తుంది కానీ వీడియో ఫైలు ఇవ్వదు. క్రియేటివ్ కామన్స్ గుర్తున్న వాటికైనా ఇవ్వొచ్చుగా? కీ తీసుకో, నీ పేరు చెప్పు, రోజుకి ఇన్నే, ఇంతే స్పీడు అని లెక్క పెట్టండి. ఎక్కువ కావాలంటే డబ్బు తీసుకోండి. ఎక్కడి నుంచి వచ్చాడు అని కాకుండా వచ్చి ఏం చేస్తున్నాడు అని చూడండి. అర నిమిషానికొకటి చొప్పున 161 అడిగేవాడూ, గంటకి లక్ష అడిగేవాడూ లాగుల్లో ఒకేలా కనిపించరు. ఆ తేడా కనిపెట్టడానికి మనలో ఎవరికైనా ఒక పూట చాలు.

అలాగే అకౌంటు పోగొట్టుకున్న అసలు మనిషికి ఒక దారి ఉండాలి. "నేను వాయించింది, నేనే తీయించింది, నాకే ఇవ్వడానికి వాడికేంటి నొప్పి?" అన్నారు మావయ్య. ఏఎస్ నంబర్ల గురించి చెప్పబోయి ఊరుకున్నాను. ఆయన ప్రశ్నకి అది సమాధానం కాదు.

మన ఫీల్డులో ఇలాంటి రూళ్ళు రాసేది మనమే. ఈసారి ఎవరైనా హోస్టింగు అడ్రసులన్నీ బ్లాక్ చెయ్యి అని టికెట్ ఇస్తే, చేసే ముందు ఒక్క ప్రశ్న అడగండి, నిజమైన అవసరం ఉన్నవాడు మనల్ని ఎలా అడగాలి అని. దానికి ఒక ఈమెయిలు ఐడీ అయినా పెట్టి అప్పుడు బ్లాక్ చెయ్యండి. నేను ఆరోజు అడగలేదు.

161లో 158 దిగాయి. మూడు ఆ సైటు నుంచే ఎప్పుడో మాయమయ్యాయి, ఎవరు తీశారో తెలీదు. రెండు డిస్కుల్లో కాపీలు చేశాను. ఒకటి నా దగ్గర ఉంది. రెండోది మావయ్య హార్మోనియం పెట్టెలో పెట్టుకున్నారు, ఎలాగూ వాయించట్లేదు చోటుంది అని.