ప్లమ్ మొక్కకి మన చలి సరిపోతుందా?

బిర్యానీలో అప్పుడప్పుడు నల్లగా, పుల్లగా నోటికి తగిలే ఎండు ఆల్బుకరా తెలుసుగా? దాని పచ్చి రూపమే ప్లమ్. వేసవిలో సూపర్‌మార్కెట్లో ఎర్రగా నిగనిగలాడుతూ కనిపిస్తుంది, రేటు చూడగానే చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేస్తుంది. అందుకే 'ఇంట్లోనే పెంచుకోండి' అనే రీల్స్‌కి అంత గిరాకీ. కుండీలో మూడడుగుల మొక్క, కొమ్మ నిండా పండ్లు, కింద 'ఏ వాతావరణంలోనైనా కాస్తుంది' అని ఒక లైను. ఈ వారం మన గొడవంతా ఆ ఒక్క లైనుతోనే.

ఎందుకంటే పెనుగొండలో మా బాబాయ్ ఆ లైను చూసి అరెకరం కొబ్బరి తీయించేద్దాం అనుకుంటున్నాడు. "తెల్లదోమతో పడలేకపోతున్నాం అబ్బాయ్. ఇరవై అడుగుల ఎడంతో 54 మొక్కలు పడతాయి. మొక్క ఆరొందలంట. ఏ రకం మంచిదో నెట్లో చూసి చెప్పు చాలు" అన్నాడు ఫోన్లో. అంటే మొక్కలకి 32,400. అది పోయినా మళ్లీ సంపాదించుకోవచ్చు. కొట్టేసిన కొబ్బరి చెట్టు మాత్రం మళ్లీ ఆ సైజుకి రావాలంటే ఏళ్లు పడుతుంది. అందుకే రకం పేరు చెప్పేముందు ఇంకో లెక్క చూశాను.

ప్లమ్, ఆపిల్, పీచ్ మూడూ గులాబీ కుటుంబానివే. చలికాలం రాగానే ఆకు రాల్చి, మొగ్గలు బిగించుకుని నిద్రపోతాయి. మధ్యలో నాలుగు రోజులు ఎండ కాసింది కదా అని లేచి పూత వేస్తే, ఆ తర్వాత పడే మంచుకి పూతంతా మాడిపోతుంది. అలా మోసపోకుండా చెట్టు చలిని గంటల్లో లెక్కపెట్టుకుంటుంది. మనవాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే అదొక కౌంటర్. ఉష్ణోగ్రత 0 నుంచి 7.2 డిగ్రీల మధ్య ఉన్న ప్రతి గంటకీ ఒకటి కలుపుతుంది. ఆ రకానికి కావాల్సిన సంఖ్య దాటితేనే మొగ్గలు విచ్చుకుంటాయి.

దాటకపోతే చెట్టు చచ్చిపోదు, అదే అసలు చిక్కు. కొమ్మ చివర నాలుగు ఆకులు, మధ్యలో బోడిగా ఉండిపోతుంది. పూత ఒకేసారి రాదు, నెలల తరబడి అక్కడొకటి ఇక్కడొకటి వచ్చి రాలిపోతుంది. మనం మాత్రం 'వచ్చే ఏడు కాస్తుందిలే' అంటూ ఎరువు వేస్తూనే ఉంటాం.

రకాన్ని బట్టి ఆ సంఖ్య మారుతుంది. యూరప్ ప్లమ్‌లలో చాలావాటికి 700 గంటలు దాటాలి. జపనీస్ ప్లమ్ అని పిలిచేవాటికి (పుట్టిల్లు చైనా, పేరు జపాన్‌ది) తక్కువ చాలు. అమెరికాలో ఫ్లోరిడా యూనివర్సిటీ వాళ్లు గల్ఫ్‌బ్యూటీ, గల్ఫ్‌బ్లేజ్, గల్ఫ్‌రోజ్ అని 200, 300 గంటల మధ్యలో సరిపెట్టుకునే రకాలు తయారుచేశారు. మన దేశంలో పంజాబ్ మైదానాలకి సట్లెజ్ పర్పుల్, కాలా అమృత్‌సరీ ఉన్నాయి. రీల్స్ కింద 'లో చిల్' అని పెట్టేది ఇలాంటివాటికే. లో అంటే తక్కువ. జీరో కాదు.

ఇక మన సంఖ్య చూద్దాం. నవంబర్ నుంచి ఫిబ్రవరి చివరిదాకా 120 రోజులు, అంటే 2,880 గంటలు. పెనుగొండ వాతావరణ డేటా మీద చిన్న స్క్రిప్టు రాసి నడిపాను. 7.2 కంటే తక్కువున్న గంటలు సున్నా. పోనీ అని హద్దుని 10 డిగ్రీలకి పెంచాను. మళ్లీ సున్నా. 1974లో వచ్చిన యూటా మోడల్ ఇంకా కఠినం. అది 16 డిగ్రీలు దాటిన గంటలకి మార్కులు కోస్తుంది కూడా. డెల్టాలో జనవరి మధ్యాహ్నాలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. ఆ లెక్కన మన కౌంటర్ మైనస్‌లోకి పోతుంది.

"మరి ఆదిలాబాద్‌లో ఆపిల్ కాయలేదా?" అని బాబాయ్ పాయింట్ లాగాడు. కాసింది, నిజమే. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలం ధనోరాలో ఒక రైతు, హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తల సాయంతో ఆపిల్ పండించి, 2020 జూన్ 2న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్‌కి పండ్లు అందించారు. ఆయన తోటలో ఉన్న హెచ్ఆర్‌ఎంఎన్-99 అనే రకాన్ని హిమాచల్‌లోని బిలాస్‌పూర్ జిల్లా రైతు హరిమన్ శర్మ తయారుచేశారు. ఆయనకి 2025లో పద్మశ్రీ వచ్చింది. ఆ రకం గొప్పదే. కానీ ఆ జిల్లాలో చలిగాలులు వీచిన రాత్రుల్లో ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలకి పడిపోతుంది. ఆ వార్తని షేర్ చేసేవాళ్లు రకం పేరు చెబుతారు, రాత్రుల సంగతి చెప్పరు. మన రాష్ట్రంలో అలాంటి రాత్రులు కావాలంటే సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగి, చింతపల్లి వైపు వెళ్లాలి. అక్కడ పొలం ఉన్నవాళ్లెవరైనా ఇది చదువుతుంటే ప్లమ్ ఆలోచించొచ్చు. ఒక్క రకమే కొనకండి. సట్లెజ్ పర్పుల్ తన పుప్పొడితో తాను కాయదు, పక్కన కాలా అమృత్‌సరీ ఉండాలి. అమ్మేవాడు జత సంగతి ఎత్తకపోతే ఇంకో అమ్మేవాణ్ణి చూసుకోండి.

డెల్టాకి ఒక సన్నని దారి ఉంది. ఇండోనేషియాలో తూర్పు జావా కొండల్లో బటు అనే ఊరు. భూమధ్యరేఖకి దగ్గర, చలికాలమే లేదు. అయినా ఆపిల్ ఏడాదికి రెండు పంటలు తీస్తారు. కోత అయిన కొన్ని వారాలకి చెట్టు ఆకంతా చేత్తో దూసేస్తారు. మొగ్గ గాఢనిద్రలోకి జారకముందే తట్టి లేపడం అన్నమాట. మన దగ్గర మల్లెతోటల్లో ఆకు దూసి, నీళ్లు ఆపి పూత రప్పించడం చూసినవాళ్లకి ఇదేం వింతగా అనిపించదు. కాకపోతే బటు కూడా ఎత్తైన ప్రాంతమే, మన మే నెల వాళ్లకి తెలీదు. పైగా ఆపిల్‌కి పనిచేసింది ప్లమ్‌కి పనిచేయాలని రూలేం లేదు. రెండు చెట్ల మీద ప్రయోగంగా బాగుంటుంది, 54 చెట్ల మీద వ్యాపారంగా కాదు.

ఇంకోటి, నీళ్లు. బోదె పక్క నేల, నాలుగడుగులు తవ్వితే తేమ. ప్లమ్ వేళ్లకి నీరు నిలిస్తే ఊపిరాడదు. చలి గండం గట్టెక్కినా ఆగస్టు వానలు ఉండనే ఉన్నాయి.

మధ్యలో ఒక సరదా సంగతి. నెట్లో 'ఇండియన్ ప్లమ్' అని వెతికితే రేగు వస్తుంది, 'జావా ప్లమ్' అంటే నేరేడు. రెండూ అసలు ప్లమ్‌కి చుట్టాలు కావు. నేరేడుది జామ కుటుంబం. ఈ రెండిటికీ చలి గంటలతో పనే లేదు, మన నేలలో హాయిగా కాస్తాయి. అది చెబితే బాబాయ్ "నేరేడు ఎవడు కొంటాడ్రా" అన్నాడు. హైదరాబాద్ సిగ్నల్స్ దగ్గర పావుకిలో ఎంతకి అమ్ముతున్నారో ఫొటో తీసి పంపాను. టిక్కులు నీలం అయ్యాయి, రిప్లై రాలేదు.

మర్నాడు ఫోన్ చేశాడు. కొబ్బరి జోలికి పోవట్లేదట. గట్టు మీద మట్టి ఎత్తుపోసి సట్లెజ్ పర్పుల్ ఒకటి, కాలా అమృత్‌సరీ ఒకటి పెడతాడట. ఈ మొక్కలు ఆకు రాల్చి నిద్రలో ఉన్నప్పుడే, అంటే జనవరిలో, వేళ్లకి మట్టి లేకుండా వస్తాయి కాబట్టి అప్పటిదాకా ఆగమన్నాను. అంటు మొక్కేనా, గింజ మొలకా అని కొనేముందు అడగమన్నాను. ఆకు దూసే పని పిన్ని చూసుకుంటుందట, మల్లెలకి ఆవిడకి అలవాటే. మూడు నాలుగేళ్లకి ఒక్క పండు కనిపించినా ఫొటో ఇక్కడే పెడతాను.