కోడిపుంగి, కనగుర్త

పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నం తీరంలో సేకరించిన రెండు వందల చేపల వర్ణనలను, బొమ్మలను 1803లో లండన్‌లో ప్రచురించినప్పుడు, లిన్నేయస్ పద్ధతిలోని రెండు మాటల శాస్త్రీయ నామాలకు బదులు స్థానికుల నోట విన్న తెలుగు పేర్లనే విరివిగా వాడాడు. తరువాతి పండితులు వాటిని స్వీకరించగా, ఒక జాతికి సక్రమంగా పెట్టిన తొలి పేరే చెల్లుతుందన్న ప్రాధాన్య సూత్రాన్ని అనుసరించి, క్యువియే 1816లో కానగంత చేపకు పెట్టిన ‘కనగుర్త’ నేటికీ నిలిచింది. పగడపు దిబ్బల సింహచేపల వర్గానికి చెంది, విషపు ముళ్లున్నా తోక రెక్కపై మచ్చలు లేని చేపకు బ్లీకర్ 1852లో పెట్టిన ‘టెరోయిస్ కోడిపుంగి’ మాత్రం, బెన్నెట్ 1831లోనే దానికి రస్సెల్ పేరు పెట్టినందున, చెల్లని పర్యాయనామమైంది. పేర్లు చెప్పిన జాలరులకు శాస్త్రంలో తగిన గౌరవం దక్కలేదన్నది ఈ పత్రిక దృఢాభిప్రాయం. సముద్రానికి దూరమైన జగదేవ్‌పూర్ పాఠకులు తమ చెరువుల్లోని కొర్రమీను, జెల్లలకు ఊరూరా వాడుకలో ఉన్న పేర్లను రాసి పంపితే వచ్చే సంచికలో అచ్చవుతాయి.