కాలి దోషమా, క్లచ్ దోషమా?

ఇంటి కారును స్వయముగా నడుపుకొను సోదరీమణులు నేడు పెక్కుమంది కలరు. వారిలో ఎడమ మోకాలు నొచ్చుచుండగా, ఇది వయసువలన వచ్చినదని సరిపెట్టుకొనువారు కొందరైనను ఉందురు. వారి కొఱకే ఈ మాసము మా యింటి ముచ్చట వ్రాయుచున్నాము.

రెండేండ్ల క్రిందట మేము ఒక యువకునియొద్ద పాత కారు కొంటిమి. రంగు చక్కనిది, వెల అందుబాటులోనిది. కాని క్లచ్ పెడలు తొక్కుట బండరాతిని తొక్కినట్లుండెను. కూడలులయందు బండి ఒక్క ఉదుటున ఎగిరిపడెడిది, లేదా ఇంజను ఆగిపోయెడిది. మావారు బడికి నడచిపోవువారు. స్టీరింగు పట్టుట అరుదు. అయినను "నీకు కాలు కుదురు లేదు" అని తీర్పు చెప్పిరి. షెడ్డులోని మెకానిక్కు మమ్ము విడిచి ఆయనవైపు తిరిగి, "ఆడవాళ్లు హాఫ్ క్లచ్ మీద నడుపుతారండీ" అనెను. ఆశ్చర్యమేమనగా, మేమును నమ్మితిమి.

మాఘమాసములో ఒక ఆదివారము సింహాచలము కొండ యెక్కుచుండగా మలుపులో ముందరి బస్సు ఆగెను. మేమును ఆపి, తిరిగి కదల్పబోగా ఇంజను ఆగి బండి వెనుకకు జారెను. వెనుక స్కూటరుపై తల్లియు బిడ్డయు నుండిరి. హ్యాండుబ్రేకు లాగుటచే జానెడు ఎడములో ప్రమాదము తప్పినది. ఆ బిడ్డ ముఖము ఇప్పటికిని మా కన్నులలో మెదలుచున్నది. ఇక ఆ కారును తాకమని ఒట్టు పెట్టుకొంటిమి.

మా మరిది ఒకనాడు దానిని నడిపి వచ్చి, "వదినా, నాకును ఇట్లే ఆగుచున్నది. గేరుబాక్సు దింపించి చూతము" అనెను.

ఇంజను చివర బిగించిన బరువైన చక్రమును ఫ్లైవీల్ అందురు. తిరుగలి పైరాయి బరువైనచో చేయి క్షణము సడలినను తిరుగుచునే యుండును, తేలికరాయి నిలిచిపోవును. ఫ్లైవీల్ పనియు నట్టిదే. దానికిని ప్రెషర్ ప్లేటునకును నడుమ క్లచ్ ప్లేటు నొక్కబడియుండును. పెడలు తొక్కగా అది విడివడును. మెల్లగా వదలగా కొంత జారుచు పట్టుకొనును. ఆ కొంచెపు జారుడువలననే బండి మెత్తగా కదలును.

దింపి చూడగా, పూర్వపు యజమాని పందెపు కార్ల సామాను బిగించెనని తేలినది. ఫ్లైవీల్ మిక్కిలి తేలిక. ప్లేటుపై చుట్టును పూతకు మాఱుగా ఆరు లోహపు బిళ్లలు. స్ప్రింగు మహాగట్టిది. ఇంజను వేగము చప్పున పెరుగుటకును, అధికశక్తి జారిపోకుండుటకును అవి మేలైనవే. రైతుబజారునొద్ద ఆటోల నడుమ అంగుళమంగుళము జరుపుకొనువారికి మాత్రము శిక్ష.

ఈమాఱు మరియొక షెడ్డునకు పోయి, స్టూలు వేసికొని పని యంతయు చూచితిమి. వృద్ధుడైన మేస్త్రి మొదట బ్యాటరీ తీగ విప్పించెను. జాకీని మాత్రమే నమ్మక కారు క్రింద స్టాండ్లు పెట్టించెను. కంపెనీ ఫ్లైవీల్‌ను క్రొత్త బోల్టులతో బిగించి, దాని ముఖమును జిడ్డు లేకుండ తుడిచెను. ప్లేటుకు చేతి జిడ్డైనను అంటరాదట. దానిని నడిమికి సరిచూచు కడ్డీ యొకటి దూర్చి, ప్రెషర్ ప్లేటు బోల్టులను ఎదురెదురుగా కొంచెము కొంచెముగా బిగించెను. కుర్రవాడు పాత బేరింగు చాలుననగా ఒప్పుకొనలేదు. అది చెడినచో మరల గేరుబాక్సంతయు దింపవలసినదే.

మొదటి మెకానిక్కు మాటలో కొంత నిజమును కలదు. పెడలుపై ఊరక పాదము మోపియుంచు అలవాటు మాకుండెను. అది బేరింగును అరగదీయును; ఇప్పుడు మానితిమి. పాత బండి కొనదలచిన సోదరీమణులు మాత్రము, ఏ సామాను మార్చిరో అడిగి, ఒక ఎత్తుపై ఆపి కదల్చి చూచిన పిమ్మటనే బయానా ఇయ్యవలెను.

మొత్తము 14,000 రూపాయలైనది. అది అమ్మాయి వీణకై కూడబెట్టిన సొమ్ము. ఆమె రెండు దినములు మాతో మాటలాడలేదు.

క్రొత్త ప్లేటు కుదురుకొనువఱకు నెమ్మదిగా నడిపి, ఆ పిమ్మట మరల కొండకు పోయితిమి. ఆ మలుపునొద్ద మావారే ఆపుమనిరి. ఆపి, తిరిగి కదల్చితిమి. బండి వ్రేలెడైనను జారలేదు. ఆయన ఏమియు ననక, కిటికీలోనుండి వెనుక వచ్చు స్కూటరులను చూచుచు కూర్చుండిరి.