సుడి చేసే మేలు – సుడి కోరే మూల్యం

కాచిన పాలను త్వరగా చల్లార్చవలసి వస్తే మన తల్లులు గిన్నెను చన్నీళ్లలో ఉంచి, పాలను గరిటెతో కలియబెడతారు. కలపకుంటే గిన్నె అంచున ఉన్న పాలు ముందు చల్లబడి, నడిమి పాలు వేడిగానే మిగిలిపోతాయి. గొట్టాలలో ప్రవహించే ద్రవాల విషయంలో ఇంజనీర్లు చేసే పని కూడా ఇదే.

గొట్టపు గోడను అంటి ఉండే పలుచని పొర మందగమనం కలది. వేడికి అదే పెద్ద అడ్డంకి. గొట్టంలో మెలితిప్పిన లోహపు పట్టీని అమర్చినా, గోడపై చిన్న త్రికోణపు రెక్కలను నిలిపినా ప్రవాహం సుడులు తిరుగుతుంది. నడిమి ద్రవం గోడ వద్దకు, గోడ వద్దిది నడిమికి చేరుతుంది. ఈ ఉపాయం కొత్తది కాదు. ఆవిరి బాయిలర్లలో వేడి వాయువులు సాగే గొట్టాలలో మెలిపట్టీల ప్రభావాన్ని విథమ్ అనే ఇంజనీరు 1896లోనే వివరించాడు.

అయితే సుడి ఊరక రాదు. ఘర్షణ పెరుగుతుంది, పంపు అధిక శక్తిని కోరుతుంది. విద్యార్థుల నివేదికలలో తరచు నాకు కనిపించే లోపం ఇదే: ఉష్ణ ప్రసారం ఎన్ని రెట్లు పెరిగిందో ఘనంగా వ్రాస్తారు, ఘర్షణ మాట దాటవేస్తారు. పంపు శక్తిని సమానంగా ఉంచి పోల్చేటప్పుడు, ఉష్ణ ప్రసారపు వృద్ధిని ఘర్షణ గుణకపు వృద్ధికి ఘనమూలంతో భాగించడం పరిపాటి. ఉష్ణ ప్రసారం 2 రెట్లు, ఘర్షణ 8 రెట్లు అయినదనుకొందాం. 8కి ఘనమూలం 2. ఫలితం 1. అనగా లాభం శూన్యం!

సుడి వ్యర్థమని నా భావం కాదు. చిక్కని నూనెలు గొట్టాలలో పొరలు పొరలుగా, తమలో తాము కలియక సాగుతాయి. అక్కడ సుడి గొప్ప మేలు చేస్తుంది. వేగంగా పారే నీరు ముందే సంక్షుబ్ధమై ఉంటుంది గనుక అక్కడ మేలు తగ్గుతుంది. మోటారు కారు రేడియేటరులో అసలు అడ్డంకి గాలి వైపున ఉంటుంది. నీటి గొట్టంలో ఎంత సుడి కల్పించినా ప్రయోజనం స్వల్పమే. రోగమెక్కడో గుర్తించిన పిమ్మటనే మందు వేయాలి.

కనుక కళాశాల కమిటీ వారికి నా విన్నపం: ప్రయోగశాలలో ఉష్ణమాపకాల సరసన పీడన భేదాన్ని కొలిచే సాధనాన్ని కూడా తప్పక ఉంచండి. వంచిన గాజు గొట్టం, కొంత నీరు, ఒక స్కేలు ఉన్నా పని మొదలవుతుంది. విద్యార్థి మిత్రులారా! లాభంతోపాటు ఖర్చునూ వ్రాయండి. గరిటె తిప్పే చేతి శ్రమ ఎంతో తల్లికి తెలుసు. పంపు శ్రమ ఎంతో ఇంజనీరుకూ తెలియాలి.