ఫ్యాన్ తిరుగుతోంది... స్క్రీన్ మాత్రం నల్లగా!

ప్రశ్న: మాది ఏన్కూరు. మొన్న గాలివానకు కరెంటు మూడు నాలుగుసార్లు పోయి వచ్చింది. అప్పటి నుంచి డెస్క్‌టాప్ ఆన్ చేస్తే లైటు వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది, స్క్రీన్ మీద మాత్రం ఏమీ రావట్లేదు. రిపేరు షాపుకు ఫోన్ చేస్తే 'బోర్డు పోయుంటది, ఏడెనిమిది వేలు అయితది' అన్నారు. నా ప్రాజెక్టు ఫైళ్లు, నాన్న పట్టా పాస్‌పుస్తకం స్కాన్ కాపీలు అన్నీ అందులోనే ఉన్నాయి. అవి పోయినట్టేనా?
- డిగ్రీ ఫైనలియర్ విద్యార్థిని

జవాబు: ముందు మీ అసలు భయం సంగతి చూద్దాం. ఫైళ్లు ఉండేది ఎస్‌ఎస్‌డీలోనో, హార్డ్‌డిస్క్‌లోనో. బొమ్మ చూపించే పని గ్రాఫిక్స్‌ది. రెండూ వేరు. బొమ్మ రానంత మాత్రాన ఫైళ్లు పోయినట్టు కాదు. రేపు నిజంగానే బోర్డు కాలిపోయిందని తేలినా, డిస్కు బాగుంటే దాన్ని తీసి ఇంకో కంప్యూటర్‌కు తగిలించి కాపీ చేసుకోవచ్చు. కాబట్టి కంగారొద్దు. ఎనిమిది వేలు ఇప్పుడే ఒప్పుకోవద్దు కూడా.

అసలు లోపల ఏం జరుగుతుంది?

పవర్ బటన్ నొక్కగానే విండోస్ రాదు. ముందు మదర్‌బోర్డు తనను తానే పరీక్షించుకుంటుంది. ప్రాసెసర్ పలుకుతోందా? ర్యామ్ ఉందా? గ్రాఫిక్స్ సిద్ధమా? దీన్ని 'పవర్ ఆన్ సెల్ఫ్ టెస్ట్' అంటారు. 1981లో వచ్చిన మొదటి ఐబీఎం పీసీలోనూ ఇది ఉంది, ఇవాళ్టి గేమింగ్ పీసీలోనూ ఉంది. ఇందులో ఏ ఒక్కటి తప్పినా బండి అక్కడే ఆగిపోతుంది, బొమ్మ రాదు.

అంటే 'నో డిస్‌ప్లే' అన్నది జ్వరం లాంటిది. జ్వరం చూసి మలేరియానో టైఫాయిడో ఎలా చెప్పలేమో, నల్ల తెర చూసి బోర్డు పోయిందని అలాగే చెప్పలేం. ఖర్చు లేని అనుమానాలు ముందు తీర్చుకుంటూ, ఖరీదైన బోర్డును చివరికి వదిలేయాలి.

మూత తీయకుండానే చేసే పరీక్షలు

మానిటర్ మీద 'నో సిగ్నల్' అని వస్తోందా? అయితే మానిటర్ బతికే ఉంది, సిగ్నలే రావట్లేదు. దాని మెనూలో ఇన్‌పుట్ హెచ్‌డీఎంఐ మీద ఉందో, వీజీఏ మీద ఉందో చూడండి. ఇంట్లో హెచ్‌డీఎంఐ ఉన్న టీవీ ఉంటే కేబుల్ దానికి పెట్టి చూడండి. టీవీలో బొమ్మ వస్తే మానిటర్ మీద అనుమానం, రాకపోతే వేరే కేబుల్‌తో ఇంకోసారి.

మానిటర్ లైటు వెలుగుతున్నా అసలేమీ కనిపించకపోతే, చీకట్లో ఫోన్ టార్చి ఏటవాలుగా వేసి చూడండి. లీలగా అక్షరాలు కనిపిస్తే పోయింది మానిటర్ బ్యాక్‌లైట్ మాత్రమే.

ఇప్పుడు కీబోర్డులో క్యాప్స్ లాక్ నొక్కండి. లైటు వెలిగి ఆరుతోందంటే కంప్యూటర్ చాలావరకు నడుస్తున్నట్టే, తంటా అంతా బొమ్మ దారిలోనే. ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేదంటే సెల్ఫ్ టెస్ట్‌లోనే ఆగిందని అనుకోవచ్చు.

ఇంకోటి. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే కేబుల్ ఆ కార్డుకే పెట్టాలి. చాలామంది బోర్డుకు పెట్టి ఊరికే బెంగపడతారు. పేరు చివర 'ఎఫ్' ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లకు సొంత గ్రాఫిక్స్ ఉండవు. అలాంటప్పుడు బోర్డు మీది హెచ్‌డీఎంఐ నుంచి ఎప్పటికీ బొమ్మ రాదు.

మూత తీసే ముందు

వారంటీ ఉంటే మూత తీయకండి, ముందు బిల్లు వెతకండి. వారంటీ లేకపోతే ప్లగ్గు పూర్తిగా పీకేసి, పవర్ బటన్‌ను 15 సెకన్లు నొక్కి పట్టుకోండి. క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి తాకి మొదలుపెట్టండి. ఏ వైరు ఎక్కడుందో ఫోన్‌తో ఫొటో తీసుకోండి. కాలిన వాసన వచ్చినా, ముట్టుకుంటే షాక్ కొట్టినా అక్కడితో ఆపేయండి. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పొద్దు. మన 230 వోల్టుల కరెంటు అందులో 300 వోల్టులు దాటిన డీసీగా నిల్వ ఉంటుంది. ప్లగ్గు తీశాక కూడా కొంతసేపు ఉండొచ్చు.

మొదటి అనుమానం ర్యామ్ మీదే

డీడీఆర్4 ర్యామ్‌కు 288 పిన్నులుంటాయి. వాటిలో కొన్నింటి మధ్య దుమ్ము చేరినా, చిలుము పట్టినా, కొంచెం వదులైనా బొమ్మ రాదు. పత్తి నూగు, మిర్చి కల్లాల దుమ్ము ఎగిరే ఊళ్లలో క్యాబినెట్ లోపల ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. చీమలు, బల్లులు సరేసరి.

రెండు పక్కల క్లిప్పులు తెరిచి ర్యామ్ తీయండి. బంగారు రంగు అంచును మెత్తటి పెన్సిల్ రబ్బరుతో తేలిగ్గా తుడిచి, పొట్టు పూర్తిగా దులిపేయండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దొరికితే ఇంకా మంచిది. నీళ్లు, పెట్రోలు, గరుకు కాగితం వద్దు. స్లాటును బ్రష్‌తో శుభ్రం చేసి, గాడి చూసుకుని, రెండు వైపులా 'టక్' మనే దాకా నొక్కండి. రెండు ర్యామ్‌లుంటే ఒక్కొక్కటే పెట్టి, స్లాటు మార్చి చూడండి. ఒకదానితో బొమ్మ వచ్చి రెండోదానితో రాకపోతే దొంగ దొరికినట్టే.

కొత్త డీడీఆర్5 మెషీన్ అయితే ర్యామ్ మార్చాక మొదటిసారి కొన్ని నిమిషాలు నల్లగానే ఉండొచ్చు. ఓపిక పట్టండి, మధ్యలో ఆపేయకండి.

తర్వాత కరెంటు, బ్యాటరీ

ఫ్యాను తిరుగుతోంది కాబట్టి ఎస్‌ఎంపీఎస్ బాగుందనుకోవద్దు. ఫ్యాను తిరగడానికి 12 వోల్టుల లైను చాలు, బోర్డుకు ఇంకా వేరే లైన్లు కావాలి. పెద్దదైన 24 పిన్నుల కనెక్టర్‌తోపాటు, ప్రాసెసర్ దగ్గర ఉండే 4 లేదా 8 పిన్నుల కనెక్టర్‌ను కూడా తీసి గట్టిగా పెట్టండి. వోల్టేజీ ఎగుడుదిగుళ్ల తర్వాత మొదలైన సమస్య కాబట్టి, తెలిసినవాళ్ల ఎస్‌ఎంపీఎస్ ఒక గంట అరువు తెచ్చి పరీక్షించడం మంచిది.

బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండేది సీఆర్2032 బ్యాటరీ, 3 వోల్టులు. ప్లగ్గు తీసి ఉంచి, దాన్ని 10 నిమిషాలు బయట పెట్టి మళ్లీ పెడితే బయోస్ సెట్టింగులు మొదటికి వస్తాయి. కానీ ఈ పని చేసేముందు ఒక జాగ్రత్త. విండోస్ 11లో చాలా మెషీన్లలో డిస్కుకు బిట్‌లాకర్ తాళం దానంతటదే పడి ఉంటుంది. బయోస్ మారినా, డిస్కును వేరే కంప్యూటర్‌కు పెట్టినా అది 48 అంకెల కీ అడగొచ్చు. ఫోన్ బ్రౌజర్‌లో మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి, ఆ రికవరీ కీ ఉందేమో చూసి ముందే రాసిపెట్టుకోండి. ఆ కీ లేకపోతే డిస్కు బాగున్నా ఫైళ్లు చేతికి రావు.

ఇంకా రాకపోతే గ్రాఫిక్స్ కార్డు (ప్రాసెసర్‌కు సొంత గ్రాఫిక్స్ ఉంటేనే), హార్డ్‌డిస్క్, యూఎస్‌బీలు అన్నీ తీసేసి ప్రాసెసర్, ఒక్క ర్యామ్, ఎస్‌ఎంపీఎస్‌తోనే ఆన్ చేయండి. బొమ్మ వస్తే తీసినవాటిలోనే తప్పుంది. ఒక్కొక్కటి తిరిగి పెడుతూ పోతే దొరుకుతుంది. చాలా కొత్త బోర్డుల మీద సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని చిన్న లైట్లుంటాయి. ఏది ఆరకుండా ఉంటే అక్కడ ఆగిందన్నమాట. పాత బోర్డుకు చిన్న బజర్ తగిలిస్తే బీప్‌లతో చెబుతుంది. బీప్‌ల అర్థం కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి బోర్డు మోడల్ నంబరుతో మాన్యువల్ చూడాలి.

షాపుకు వెళ్లాల్సి వస్తే

ఖమ్మం వెళ్లినా, కొత్తగూడెం వెళ్లినా ముందు ఎస్‌ఎస్‌డీ తీసి ఇంట్లో పెట్టుకోండి. బొమ్మ వస్తుందో లేదో చూడటానికి అది అవసరం లేదు. బైకు మీద తీసుకెళ్తే బరువైన గ్రాఫిక్స్ కార్డు కూడా విడిగా తీయండి, గతుకులకు స్లాటు విరుగుతుంది. 'టీవీకి పెట్టి చూశాను, ర్యామ్‌లు మార్చాను, ఈ లైటు ఆరట్లేదు' అని చెప్పండి. అలా చెప్పిన మనిషికి 'బోర్డు పోయింది' అని ఊరికే చెప్పడం కష్టం. వేరే ఎస్‌ఎంపీఎస్, వేరే ర్యామ్‌తో మీ ముందే పరీక్షించమనండి. మార్చిన పార్టు వెనక్కి అడగండి, బిల్లు తీసుకోండి. అన్యాయం జరిగిందనుకుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.

మళ్లీ గాలివాన వస్తే

స్పైక్ గార్డు ఎక్కువైన వోల్టేజీని భూమిలోకి పంపాలంటే ఇంటికి ఎర్తింగ్ ఉండాలి. మూడో పిన్ను ఉత్తుత్తిగా ఉన్న సాకెట్‌లో పెద్దగా పనిచేయదు. ఎండాకాలం ఎర్తింగ్ గుంత ఎండిపోతే నీళ్లు పోయించండి. ఉరుములు వినపడగానే స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకాలి. రౌటర్ నుంచి వచ్చే ల్యాన్ వైరు కూడా తీయాలి, ఆ దారిలోనూ దెబ్బ తగులుతుంది.

మీ మెషీన్ ఇవాళే బాగైతే మొట్టమొదట చేయాల్సిన పని, నాన్నగారి పాస్‌పుస్తకం కాపీలు, ప్రాజెక్టు ఫైళ్లు ఒక పెన్‌డ్రైవ్‌లోకి, ఇంకోసారి డ్రైవ్‌లోకి ఎక్కించడం. ఆ తర్వాత గడియారం, తేదీ సరిచేయండి. బ్యాటరీ తీశాక తేదీ మారిపోయి ఉంటుంది. అది తప్పుగా ఉంటే వెబ్‌సైట్లు తెరుచుకోవు, అప్లికేషన్ గడువు రోజున కొత్త తలనొప్పి అవుతుంది.