రెండు చిన్న దీపములు – ఒక ప్రయోగ పుస్తకము

మన పాఠశాలలందలి ప్రయోగ పుస్తకములు చూడ ముచ్చటగా నుండును. గీతలు తిన్నగా నుండును. ఫలితములు తప్పక సరిపోవును. అన్నియు నట్లు సరిపోవుటయే మాకు సందేహమును గలిగించుచున్నది. ప్రయోగము చేయకమునుపే ఫలితమును వ్రాసికొను అలవాటు విద్యార్థికి మిక్కిలి హానికరమని మా యభిప్రాయము. ఇందులకు మా యనుభవమునందలి నిదర్శనము నొకదానిని విన్నవించెదము.

రెండు ఎల్.ఇ.డి. దీపములను మార్చి మార్చి వెలిగించు వలయమును మేము విద్యార్థులచే కట్టించితిమి. వలయు సామగ్రి స్వల్పమే: 9 వోల్టుల బ్యాటరీ యొకటి, బి.సి. 547 అను ట్రాన్సిస్టరులు, ఎఱ్ఱ దీపములు, 1,000 ఓముల నిరోధకములు, 47,000 ఓముల నిరోధకములు, నొక్కుడు మీటలు రెండేసి. బ్యాటరీ ధనధ్రువమునుండి ప్రతి ట్రాన్సిస్టరు కలెక్టరునకు ఒక దీపమును, 1,000 ఓముల నిరోధకమును వరుసగా కలుపవలెను. ఎమిటరులు రెండును ఋణధ్రువమును చేరును. ఒకదాని కలెక్టరునుండి రెండవదాని బేసునకు 47,000 ఓముల నిరోధకమును, రెండవదానినుండి మొదటిదానికి అట్టిదే మఱియొకటియు కలుపవలెను. మీటను నొక్కినపుడు ఆ వైపు బేసు ఋణధ్రువముతో కలియును.

ఒక ట్రాన్సిస్టరునందు విద్యుత్తు ప్రవహించునపుడు దాని దీపము వెలుగును. అప్పుడు దాని కలెక్టరువద్ద వోల్టేజి దాదాపు సున్న యగుటచే రెండవదాని బేసునకు విద్యుత్తు అందదు, అది మూతపడియుండును. వెలుగుచున్న వైపు మీటను క్షణకాలము నొక్కిన, ఆ దీపమాఱి రెండవది వెలుగును. వ్రేలు తీసినను ఆ స్థితి యట్లే నిలుచును. కడపట నొక్కిన మీట యేదో ఆ వలయము జ్ఞాపకముంచుకొన్నదన్నమాట. 1918లో ఇంగ్లాండునందు ఎకిల్సు, జోర్డను అను శాస్త్రజ్ఞులు వాక్యూము ట్యూబులతో ఇట్టి వలయమునకే పేటెంటు కోరిరి. నేటి కంప్యూటరులందలి స్టాటిక్ మెమొరీకి మూలసూత్రము ఇదియే.

ఆనాడు తరగతిలో దాదాపు అందఱును “ఒక దీపము వెలిగెను, రెండవది ఆఱెను” అని వ్రాసిరి. ఒక బాలిక మాత్రము “రెండవది పూర్తిగా ఆఱలేదు, చేయి అడ్డుపెట్టి చూచిన సన్నగా మినుకుచున్నది” అని వ్రాసినది. మేము ఆ వాక్యమును ఎఱ్ఱసిరాతో కొట్టివేసితిమి. మఱునాడామె వలయమును మరల కూర్చి, కిటికీలు మూసి, మమ్ము పిలిచి చూపినది. దీపము మినుకుచునే యున్నది.

కారణమును విచారింపగా తెలిసినదేమనగా, వెలుగుచున్న వైపు ట్రాన్సిస్టరు బేసునకు కావలసిన విద్యుత్తు ఆఱినట్లు కన్పట్టు దీపముగుండానే వచ్చుచున్నది. వెలుగు దీపమునందు ఇంచుమించు 7 మిల్లీ ఆంపియరులు ప్రవహింపగా, మినుకు దీపమునందు 0.13 మాత్రమే. ఏబదింట ఒక వంతైన ఈ ప్రవాహమే వలయమునకు జ్ఞాపకమును నిలుపుచున్నది. ప్రతి దీపమునకును ప్రక్కగా 10,000 ఓముల నిరోధకమును కలిపిన, ఆ స్వల్ప ప్రవాహము దానిగుండా పోయి మినుకు మాయమగును. మేము కొట్టివేసిన వాక్యమునందే ప్రయోగసారమంతయు నుండెను. ఆ ఎఱ్ఱగీత క్రింద “నీవు వ్రాసినదే నిజము” అని వ్రాసి, తరగతి యెదుట మా పొరపాటు నొప్పుకొంటిమి.

ఇట్టి పరిశీలనకు కాలమెక్కడిది, సిలబసు ముగియవలదా, మార్కులు రావలదా యని కొందఱనవచ్చును. ఆ చింత మాకును కలదు. కాని చూడనిదానిని చూచినట్లు వ్రాసి తెచ్చుకొన్న మార్కులు, రేపు రోగిని పరీక్షించుచోటను, వంతెన బలమును కొలుచుచోటను ఎవరిని కాపాడును?

కావున మా మనవి యిది. ఉపాధ్యాయుడు బల్లపై చేసి చూపుటతో తృప్తినొందక, ఇద్దఱిద్దఱు విద్యార్థులచే స్వయముగా కట్టింపవలెను. ఫలితమును ప్రయోగశాలలోనే వ్రాయింపవలెను. దీపము వెలుగకపోయినచో వెలుగలేదనియే వ్రాసి, కారణమును వెదకిన విద్యార్థికి తగిన మార్కులీయవలెను. తలిదండ్రులు “ఎన్ని మార్కులు వచ్చినవి?” అని యడుగుటకు ముందు “నేడేమి చూచితివి?” అని యడుగుదురు గాక. విద్యార్థులారా! మీ కన్నులు చూచినది పుస్తకముతో సరిపోనపుడు వెఱవక వ్రాయుడు. మరల కట్టి చూడుడు. మమ్మును పిలిచి చూపుడు.