కాపలా కుక్కకు టీకా ఏదీ?

కిషన్‌బాగ్: ఒకవైపు మూసీ, చేరువలోనే నెహ్రూ జంతుప్రదర్శనశాల. నడుమ ఇరుకు గల్లీలు, గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు. పాతబస్తీలోని ఇటువంటి వాడల్లో అర్ధరాత్రి అలికిడిని ముందుగా పసిగట్టేది శునకమే. పెంపుడు కుక్కకు యజమాని ఒక్కరు. నాలుగిళ్ల అన్నం తిని పెరిగే కుక్కకు గల్లీ అంతా యజమానే.

2025 జూన్ 30 అర్ధరాత్రి హిమాచల్‌ప్రదేశ్‌లోని మండి జిల్లా సియాఠీ గ్రామంలో ఓ ఇంటి కుక్క ఎడతెగకుండా మొరిగింది. లేచి చూసిన యజమానికి గోడలో పగులు, లోనికి వస్తున్న నీరు కనిపించాయి. ఆయన ఊరిని లేపారు. 20 కుటుంబాలకు చెందిన 67 మంది బయటపడ్డారు. ఆ వెంటనే కొండచరియ విరిగి ఇళ్లపై పడింది. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో పుదుచ్చేరి సమీపంలోని చిన్నకాలాపేటలో ఇంట్లోకి పరుగెత్తిన ఏడేళ్ల బాలుణ్ని సెల్వకుమార్ అనే కుక్క ముట్టెతో నెడుతూ మెరకకు చేర్చింది.

ఈ రెండు ఘటనల్లోనూ కుక్క ఎవరినీ గాయపరచలేదు. ఒకటి మొరిగింది, మరొకటి దారి చూపింది. మనిషి చెవికి 20 వేల హెర్ట్జ్ వరకే శబ్దం అందుతుంది. కుక్క 40 వేలు దాటినా వినగలదు. కాపలాలో దాని అసలు బలం ఇదే. కోర పదును కాదు. పగలంతా గొలుసుతో కట్టివేసి, రెచ్చగొట్టి, కరవడమే కాపలా అని నేర్పే యజమానులు ఈ తేడాను గ్రహించడం లేదు. పెంపుడు జంతువు వల్ల ఇతరులకు ప్రాణహాని లేదా తీవ్రగాయం కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోని వారికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం ఆరు నెలల వరకు జైలు లేదా రూ.5 వేల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

2023 ఫిబ్రవరి 19న అంబర్‌పేటలో వీధి కుక్కల దాడిలో నాలుగేళ్ల బాలుడు మృతిచెందాడు. ఆ భయం నగరాన్ని ఇంకా వీడలేదు.

అసలు చిక్కు రేబిస్. ఇంటిని కాచే కుక్క బయటి కుక్కతో తలపడి గాయంతో తిరిగివస్తే, టీకా లేనిపక్షంలో అది ప్రమాదాన్ని ఇంట్లోకే తెచ్చినట్లు. లక్షణాలు బయటపడ్డాక ఈ వ్యాధికి చికిత్స దాదాపు లేదు. కాటు పడిన చోటును వెంటనే సబ్బు నీటితో పావుగంట కడిగి, టీకా వేయించుకోవాలి. నారాయణగూడలోని ఐపీఎంలో ఈ టీకాలు వేస్తారు. కుక్కకైతే మూడు నెలల వయసు నుంచే టీకా మొదలుపెట్టి, ఏటా వేయించాలి. గల్లీ కుక్కకు అన్నం పెట్టేవారు చాలామందే, టీకాకు తీసుకెళ్లేవారే అరుదు.

వీధి కుక్కలను షెల్టర్లకు తరలించాలన్న ఆదేశాన్ని 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు సవరించింది. సంతాన నిరోధక శస్త్రచికిత్స, టీకా పూర్తయిన కుక్కలను పట్టిన చోటే వదలాలని, రేబిస్ సోకినవి, దూకుడు స్వభావం ఉన్నవి మాత్రం వదలరాదని తెలిపింది. నవంబరు 7న పాఠశాలలు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్లకు మినహాయింపు లేకుండా తరలింపు తప్పనిసరి చేసింది. శస్త్రచికిత్స పూర్తయిన కుక్క చెవికి ‘వి’ ఆకారంలో చిన్న గాటు ఉంటుంది. తమ గల్లీని కాచే కుక్క చెవిని ఒకసారి చూస్తే, ఆ పని జరిగిందో లేదో బస్తీవాసులకే తెలిసిపోతుంది.